ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయ విద్య

ఉస్మానియా విశ్వవిద్యాలయం హైదరాబాదు నగరంలో తార్నాక, విద్యానగర్, అడిక్‌మెట్ ప్రాంతాల మధ్య విస్తరించి ఉన్నది. పాఠశాల ఉపాధ్యాయులను తయారుచేసే బి.ఇడి. కోర్సు, దానికి పై మెట్టు అయిన ఎం.ఇడి. కోర్సు ఈ విశ్వవిద్యాలయ పరిధిలో బోధించబడుతున్నాయి. ఈ కోర్సులలో చేరుటకు కావలసిన అర్హతలు, చదువు సాగే పద్ధతి, పట్టా పొందిన పిమ్మట ఏయే ఉద్యోగాలకు అర్హత లభిస్తుంది, వేటికి లభించదు అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి. బి.ఇడి. పట్టా ఒక్కటే ఉపాధ్యాయ ఉద్యోగానికి సరిపోదు. డిగ్రీలో చదివిన విషయము, బి.ఇడి.లో తీసుకున్న మెథడాలజీ, ఉపాధ్యాయ అర్హత పరీక్ష ఈ మూడూ ఒకదానికొకటి పొసగినప్పుడే అభ్యర్థి ప్రభుత్వ పాఠశాల ఉద్యోగానికి అర్హుడవుతాడు.

చరిత్ర

హైదరాబాదు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో ఈ విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు. తొలుత బోధనా మాధ్యమము ఉర్దూ. ప్రాంగణానికి గుర్తుగా నిలిచిన ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో ప్రారంభించబడినది. ప్రాంగణంలోని విద్యా కళాశాలతో పాటు, మాసాబ్ ట్యాంకులోని ప్రభుత్వ ఐ.ఎ.ఎస్.ఇ. కళాశాల, పలు ప్రైవేటు కళాశాలలు ఉస్మానియాకు అనుబంధంగా బి.ఇడి. బోధిస్తున్నాయి.

దేశమంతటా ఉపాధ్యాయ విద్యకు ప్రమాణాలు నిర్ణయించుటకు 1993లో పార్లమెంటు చట్టము చేసినది. దాని ప్రకారము జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్.సి.టి.ఇ.) 1995లో చట్టబద్ధ సంస్థగా ఏర్పడినది. మండలి గుర్తింపు లేని కళాశాల ఇచ్చే పట్టా ఉద్యోగానికి చెల్లదు. 2014 వరకు బి.ఇడి. ఒక సంవత్సరపు కోర్సుగా ఉండేది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషను 2012లో ఇచ్చిన నివేదికలో ఉపాధ్యాయ శిక్షణ కాలాన్ని పెంచవలెనని సిఫారసు చేసినది. దరిమిలా వెలువడిన 2014 నిబంధనల మేరకు 2015-16 విద్యా సంవత్సరము నుండి బి.ఇడి., ఎం.ఇడి. రెండూ రెండేళ్ళ కోర్సులుగా మారినవి.

బి.ఇడి. ప్రవేశ అర్హతలు

తెలంగాణ రాష్ట్రంలో బి.ఇడి. ప్రవేశాలు ఎడ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతాయి. రాష్ట్ర ఉన్నత విద్యా మండలి ఈ పరీక్ష నిర్వహణను ఏదైనా ఒక విశ్వవిద్యాలయానికి అప్పగిస్తుంది. ఉస్మానియా పలు సంవత్సరాలు ఈ బాధ్యత వహించినది. 2023లో నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయము, 2025లో వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయము నిర్వహించినవి. ముఖ్యమైన అర్హతలు ఇవి:

* డిగ్రీలో కనీసము 50 శాతము మార్కులు ఉండవలెను. రిజర్వుడు వర్గాలవారికి 40 శాతము చాలును.
* వయసు 19 సంవత్సరాలు నిండి ఉండవలెను. గరిష్ఠ వయోపరిమితి లేదు.
* వైద్యము, న్యాయశాస్త్రము వంటి వృత్తి విద్యా పట్టాలు గలవారు ఆ పట్టాతో బి.ఇడి.లో చేరుటకు అర్హులు కారు.
* డిగ్రీ చదవకుండా నేరుగా పొందిన స్నాతకోత్తర పట్టా పరిగణించబడదు.

ప్రవేశ పరీక్ష

2020 వరకు ఎడ్‌సెట్‌లో అభ్యర్థి ఎంచుకున్న సబ్జెక్టుకు ప్రత్యేక ప్రశ్నపత్రము ఉండేది. 2021 నుండి అందరికీ ఒకే ప్రశ్నపత్రము ఇస్తున్నారు. రెండు గంటలలో 150 ప్రశ్నలకు జవాబులు గుర్తించవలెను. ప్రశ్నల విభజన ఇది:

* గణితము, సామాన్య శాస్త్రము, సాంఘిక శాస్త్రము: ఒక్కొక్కటి 20 చొప్పున 60
* బోధనా అభిరుచి: 20
* ఇంగ్లీషు: 20
* సామాన్య జ్ఞానము, విద్యా సంబంధ విషయాలు: 30
* కంప్యూటరు పరిజ్ఞానము: 20

సబ్జెక్టు ప్రశ్నలు పదవ తరగతి స్థాయిలో ఉంటాయి. ప్రశ్నపత్రము అందరికీ ఒకటే అయినా, ఏ మెథడాలజీలో సీటు వస్తుందనేది అభ్యర్థి డిగ్రీలో చదివిన విషయాలపై ఆధారపడి ఉంటుంది.

మెథడాలజీ ఎంపిక

ఒక పాఠశాల విషయాన్ని ఎట్లా బోధించవలెనో నేర్పే శాస్త్రాన్ని మెథడాలజీ అంటారు. గణితము, భౌతిక రసాయన శాస్త్రాలు, జీవశాస్త్రము, సాంఘిక శాస్త్రము, ఇంగ్లీషు, ప్రాచ్య భాషలు ఇందులో ప్రధానమైనవి. డిగ్రీలో గణితము చదివినవారు గణితాన్ని, వృక్షశాస్త్రము లేదా జంతుశాస్త్రము చదివినవారు జీవశాస్త్రాన్ని తీసుకోవచ్చును. బి.కాం. విద్యార్థులకు సాధారణంగా సాంఘిక శాస్త్రములో అవకాశము ఉంటుంది.

ఈ ఎంపిక ప్రభావము ఆ తరువాత చాలా కాలము ఉంటుంది. స్కూల్ అసిస్టెంటు ఉద్యోగ ప్రకటనలలో డిగ్రీలోని విషయము, బి.ఇడి. మెథడాలజీ రెండింటినీ అడుగుతారు. ఒకటి ఉండి రెండవది లేనివారి దరఖాస్తు నిలువదు. కనుక సీటు తీసుకొనుటకు ముందే, గతంలో వెలువడిన ఉద్యోగ ప్రకటనలోని అర్హతల పట్టికను చూచుకొనుట మేలు.

చదువు సాగే విధానము

రెండేళ్ళ బి.ఇడి.ని నాలుగు సెమిస్టర్లుగా విభజించారు. విద్యా తత్త్వశాస్త్రము, బాల్య కౌమార దశల మనస్తత్వశాస్త్రము, మూల్యాంకనము, మెథడాలజీ వంటివి పాఠ్యాంశాలు. విద్యార్థులు పాఠ్యపథకాలు రాయుట, కొద్దిమంది ముందు కొద్ది నిమిషాల పాఠము చెప్పే సూక్ష్మబోధన అభ్యసిస్తారు. సూక్ష్మబోధన పద్ధతి 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయంలో రూపొందినది.

2014 నిబంధనల ప్రకారము ఏడాదికి కనీసము 200 పనిదినాలు ఉండవలెను. పాఠశాలలో పనిచేస్తూ నేర్చుకొనే ఇంటర్న్‌షిప్ మొత్తము 20 వారాలు. ఇందులో మొదటి ఏడు 4 వారాలు, రెండవ ఏడు 16 వారాలు. తరగతులకు 80 శాతము, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతము హాజరు తప్పనిసరి. చేరిన నాటి నుండి మూడేళ్ళలోగా కోర్సు పూర్తిచేయవలెను. ఒక్కొక్క యూనిట్‌లో 50 మంది విద్యార్థులు ఉంటారు.

ఎం.ఇడి. కోర్సుకు బి.ఇడి.లో 50 శాతము మార్కులు కనీస అర్హత. ఇది ప్రధానంగా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో బోధించదలచినవారికి ఉద్దేశించినది.

పట్టా తరువాత: టెట్, డి.ఎస్.సి.

విద్యాహక్కు చట్టము (2009) అమలులో భాగంగా ఎన్.సి.టి.ఇ. 2010 ఆగస్టు 23న ఇచ్చిన ప్రకటనతో ఉపాధ్యాయ అర్హత పరీక్ష తప్పనిసరి అయినది. దీనిని టెట్ అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి టెట్ 2011లో, తెలంగాణలో 2016లో జరిగినది. మొదటి పేపరు 1 నుండి 5 తరగతులకు, రెండవ పేపరు 6 నుండి 8 తరగతులకు సంబంధించినది. 150 మార్కులకు గాను జనరల్ అభ్యర్థులు 90, వెనుకబడిన తరగతులవారు 75, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, దివ్యాంగులు 60 మార్కులు పొందవలెను. మొదట్లో టెట్ పత్రము ఏడేళ్ళే చెల్లుబాటు అయ్యేది. 2021లో దానిని జీవితకాలానికి పొడిగించారు.

టెట్ ఉత్తీర్ణులైనవారు జిల్లా ఎంపిక సంఘము నియామక పరీక్ష వ్రాస్తారు. డి.ఎస్.సి.గా ప్రసిద్ధమైన ఈ పరీక్షకు 2024లో తెలంగాణ ప్రభుత్వము 11,062 ఖాళీలు ప్రకటించినది. ఎంపికలో డి.ఎస్.సి. మార్కులకు 80 శాతము, టెట్ మార్కులకు 20 శాతము ప్రాధాన్యము ఇచ్చారు. ఖాళీలు ఇవి:

* సెకండరీ గ్రేడ్ టీచరు: 6,508
* స్కూల్ అసిస్టెంటు: 2,629
* భాషా పండితులు: 727
* వ్యాయామ ఉపాధ్యాయులు: 182
* ప్రత్యేక విద్య, స్కూల్ అసిస్టెంటు: 220
* ప్రత్యేక విద్య, సెకండరీ గ్రేడ్: 796

ప్రాథమిక తరగతులకు బోధించే సెకండరీ గ్రేడ్ టీచరు ఖాళీలే వీటిలో సగానికి పైగా ఉన్నవి. సాధారణ బి.ఇడి. గలవారు వాటికి అర్హులు కాలేదు. అందుకు కారణము సుప్రీంకోర్టు తీర్పు. బి.ఇడి. గలవారు కూడా ప్రాథమిక తరగతులకు బోధించవచ్చునని, నియామకము తరువాత ఆరు నెలల వంతెన కోర్సు చేయవలెనని ఎన్.సి.టి.ఇ. 2018 జూన్‌లో ప్రకటించినది. రాజస్థాన్ హైకోర్టు 2021లో దానిని కొట్టివేసినది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించినది. చిన్నపిల్లలకు బోధించుటకు వేరే శిక్షణ కావలెననేది తీర్పు సారాంశము. కనుక ప్రాథమిక పాఠశాలలో పనిచేయదలచినవారు ఇంటర్మీడియట్ తరువాత రెండేళ్ళ డి.ఇడి. కోర్సు చేయవలసి ఉన్నది. ఈ కోర్సును నేడు డి.ఎల్.ఇడి. అని పిలుస్తున్నారు.

ఉద్యోగంలో ఉన్నవారికి కూడా టెట్ వర్తిస్తుందని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. పదవీ విరమణకు ఐదేళ్ళకు మించి గడువు గల ఉపాధ్యాయులు రెండేళ్ళలోగా టెట్ ఉత్తీర్ణులు కావలెనని, అంతకు తక్కువ గడువు ఉన్నవారు కొనసాగవచ్చును గాని టెట్ లేకుండా పదోన్నతి పొందరాదని ఆదేశించినది.

పొరుగున ఉన్న ఇఫ్లు

ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకొని, తార్నాక సమీపంలో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయము ఉన్నది. దీనిని ఇఫ్లు అని పిలుస్తారు. 1958లో ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణకై కేంద్రీయ ఇంగ్లీషు సంస్థగా ఆరంభమైనది. కన్నడ కవి వి.కె. గోకాక్ దీనికి డైరెక్టరుగా పనిచేశాడు. 1972లో విదేశీ భాషలు పేరులో చేరగా సీఫెల్‌గా ప్రసిద్ధమైనది. 1973లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదా లభించినవి. ఇంగ్లీషు బోధనలో స్నాతకోత్తర సర్టిఫికెటు, డిప్లొమా కోర్సులకు ఈ సంస్థ పేరుపొందినది. ఇవి బోధనా నైపుణ్యాన్ని పెంచేవే గాని, పాఠశాల నియామకాలలో బి.ఇడి.కి ప్రత్యామ్నాయము కావు. ఇఫ్లులో ఇంగ్లీషుకు ప్రత్యేకించిన బి.ఇడి. కూడా కలదు.

కళాశాల అధ్యాపకులతో పోలిక

డిగ్రీ కళాశాలలలో, విశ్వవిద్యాలయాలలో బోధించుటకు బి.ఇడి. అవసరము లేదు. స్నాతకోత్తర పట్టాలో 55 శాతము మార్కులు, నెట్ లేదా రాష్ట్ర స్థాయి సెట్ ఉత్తీర్ణత కావలెను. రిజర్వుడు వర్గాలకు మార్కులలో 5 శాతము సడలింపు ఉన్నది. తెలంగాణ సెట్‌ను ఉస్మానియా విశ్వవిద్యాలయమే నిర్వహిస్తూ వచ్చినది.

రానున్న మార్పులు

2030 నాటికి నాలుగేళ్ళ సమీకృత బి.ఇడి. పాఠశాల ఉపాధ్యాయులకు కనీస అర్హత కావలెనని 2020 జాతీయ విద్యా విధానము పేర్కొన్నది. నాలుగేళ్ళ డిగ్రీ లేదా స్నాతకోత్తర పట్టా గలవారికి ఒక సంవత్సరపు బి.ఇడి.ని తిరిగి ప్రవేశపెట్టవలెనని ఎన్.సి.టి.ఇ. 2025 ముసాయిదా నిబంధనలలో ప్రతిపాదించినది.

ఇవి కూడా చూడండి

* ఉస్మానియా విశ్వవిద్యాలయం
* ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం
* తార్నాక
* విద్యాహక్కు చట్టం
* ఉపాధ్యాయ అర్హత పరీక్ష