ఆ బండిని లోపలికి ఎవరు రానిచ్చారు?

2009 మార్చి. ఫ్లోరిడాలో డేటోనా బీచ్. స్పీడ్‌వే చుట్టూ ఫ్లడ్‌లైట్లు భగ్గున వెలిగాయి. డేటోనా 200 రేసు రాత్రిపూట జరగడం అదే మొదటిసారి. గ్రిడ్ మీద ఇంజన్లు కాగుతున్నాయి. ఎక్కువగా జపాన్ బళ్లే. 600 సీసీ, నాలుగు సిలిండర్లు. చెవులు చిల్లులు పడేలా కీచుమంటున్నాయి. వాటి మధ్యలోంచి ఒక గొంతు బొంగురుగా, దడదడమంటూ వస్తోంది. ఆ ఇంజన్ 1125 సీసీ!

బ్యూల్ 1125ఆర్. అమెరికా బండి. మీద కూర్చున్నది ఓక్లహోమా కుర్రాడు డానీ ఎస్లిక్. పక్కవాడి ఇంజన్‌కి దాదాపు రెట్టింపు ఇంజన్ వేసుకుని మిడిల్‌వెయిట్ రేసుకొస్తాడా? ఇదెక్కడి న్యాయం? అభిమానులు రెండుగా చీలిపోయారు. అసలు ఈ బండిని లోపలికి రానిచ్చిందెవరు?

రానిచ్చింది రూల్ బుక్. అమెరికా రోడ్ రేసింగ్ అప్పుడే డేటోనా మోటార్‌స్పోర్ట్స్ గ్రూప్ చేతికొచ్చింది. దాని తరఫున పగ్గాలు పట్టిన రోజర్ ఎడ్మండ్‌సన్ పాత క్లాసులు చెరిపేసి 'డేటోనా స్పోర్ట్‌బైక్' అని కొత్తది పెట్టాడు. సీసీ ఒక్కటే చూస్తే కుదరదన్నాడు. పవర్‌ని, బరువుని కలిపి తూచాలన్నాడు.

దీని వెనక లెక్క ఉంది. 600 సీసీ యమహా ఆర్6లో పిస్టన్ వెడల్పు 67 మిల్లీమీటర్లు. అది కదిలేది 42.5 మిల్లీమీటర్లు. బ్యూల్‌లో పిస్టన్లు రెండే. ఒక్కోటీ 103 మిల్లీమీటర్లు, కదలిక 67.5. పెద్ద రోకలి ఎంత బలంగా పడినా చిన్న రోకలంత జోరుగా ఆడదు. ఆర్6 నిమిషానికి 16,000 తిరుగుళ్ల దరిదాపులకి పోతుంటే, బ్యూల్ 10,500 దగ్గర ఆగిపోతుంది. ఎన్ని సీసీలున్నా, తిరుగుళ్లు తగ్గితే పవర్ ఆ మేరకు తగ్గాల్సిందే. అయినా షోరూమ్ బండికే కంపెనీ చెప్పిన పవర్ 146 హార్స్‌పవర్. అనుమానం ఊరికే పుట్టలేదు!

రేసు మొదలైంది. 31 డిగ్రీల బ్యాంకింగ్ మీద బళ్లు గోడకి అతుక్కున్నట్టు దూసుకుపోయాయి. చివరికి గెలిచింది బెన్ బోస్ట్రమ్. బండి యమహా. 600 సీసీ. గొడవ చల్లారినట్టేనా?

విస్కాన్సిన్‌లో ఈస్ట్ ట్రాయ్ అనే చిన్న ఊళ్లో ఒక మనిషికి ఈ రూల్ బుక్ అంటే ఏమిటో బాగా తెలుసు. పేరు ఎరిక్ బ్యూల్. ఆ బండి మీదున్న పేరు అతనిదే. హార్లీ డేవిడ్‌సన్‌లో ఇంజనీరు ఉద్యోగం వదిలేసి, 1983లో సొంతంగా రేసు బండి కట్టడానికి దిగాడు. ఆర్‌డబ్ల్యూ 750. మోటార్‌సైకిళ్ల ఫార్ములా వన్ క్లాస్ కోసమే చేశాడు. బండి సిద్ధమయ్యేసరికి, 1985లో, ఆ క్లాసునే ఎత్తేస్తున్నామన్నారు. ఒక్క రూల్ మారింది. ఏళ్ల కష్టం షెడ్డులో మిగిలింది. దాదాపు పాతికేళ్ల తర్వాత మళ్లీ ఒక రూల్ మారింది. ఈసారి అతని వైపు.

డేటోనా తర్వాత కాలిఫోర్నియా, జార్జియా, అలబామా, బ్యూల్ సొంతగడ్డ విస్కాన్సిన్, వర్జీనియా అంటూ ఊరూరా ట్రక్కులు పరిగెడుతుంటే, సుజుకీ మీద కొలంబియా రైడర్ మార్టిన్ కార్డెనాస్ రేసు మీద రేసు గెలుస్తూ తరుముతుంటే, 'మోసపు రూలు' అన్న మాట బ్యూల్ ప్రతి గెలుపుకీ వెంటపడుతుంటే, ఎస్లిక్ మాత్రం పాయింట్లు కూడబెడుతూ, ఆ బొంగురు గొంతు బండిని సెప్టెంబరు దాకా లాక్కొచ్చాడు. ఆఖరి మజిలీ న్యూజెర్సీ. అక్కడ తేలిపోవాలి.

తేలిపోయింది. డేటోనా స్పోర్ట్‌బైక్ చాంపియన్ డానీ ఎస్లిక్! ఎరిక్ బ్యూల్ కల చేతికందింది. కానీ ఆ ఆనందం ఎన్నాళ్లు?

అక్టోబరు 15. హార్లీ డేవిడ్‌సన్ ఒక ప్రకటన ఇచ్చింది. ఆర్థిక మాంద్యం కమ్మేసిన ఏడాది అది. బ్యూల్ బళ్ల తయారీ ఆపేస్తున్నామంది. అప్పటికి ఆ కంపెనీ హార్లీ సొంతం. ఎరిక్ బ్యూల్ కెమెరా ముందుకొచ్చాడు. గొంతు పూడుకుపోయింది. కళ్లు తడిశాయి. పనిచేసినవాళ్లకి, బండి కొన్నవాళ్లకి వీడియోలోనే థాంక్స్ చెప్పాడు. టైటిల్ గెలిచి రెండు నెలలు కూడా కాలేదు.

బండి పోయింది. వాదన పోలేదు. 600 సీసీ బళ్లకి గిరాకీ పడిపోయింది. కంపెనీలు కొత్త మోడళ్లు చేయడం తగ్గించేశాయి. 2022లో మిడిల్‌వెయిట్ బళ్ల ప్రపంచ పోటీ అయిన వరల్డ్ సూపర్‌స్పోర్ట్ కూడా పెద్ద ఇంజన్లకి తలుపులు తెరిచింది. 955 సీసీ డుకాటీ, 765 సీసీ ట్రయంఫ్, 800 సీసీ ఎంవీ అగుస్టా 600ల పక్కన నిలబడ్డాయి. ఎవరికీ మరీ మొగ్గు రాకుండా ఇంజన్లకి పగ్గం వేసే పద్ధతి పెట్టారు. సీసీ ఒక్కటే చూడకూడదన్న మాటే చివరికి నెగ్గింది.

మరుసటి ఏడాది, 2023లో, వరల్డ్ టైటిల్ నికోలో బులేగా గెలిచాడు. బండి 955 సీసీ డుకాటీ పానిగాలే వి2. అప్పటికి ఈస్ట్ ట్రాయ్‌లో బ్యూల్ బళ్ల తయారీ ఆగిపోయి పద్నాలుగేళ్లు.