వినపడని బేస్ గిటార్

మెటల్ వినేవాళ్లు ఇద్దరు కలిస్తే పది నిమిషాల్లో మెటాలికా మీద జోకు పడి తీరుతుంది. లార్స్ ఉల్రిక్‌కి తాళం నిలవదని ఒకటి. కర్క్ హామెట్ కాలి కింద నుంచి వా పెడల్ లాగేస్తే సోలో మర్చిపోతాడని ఒకటి. జేమ్స్ హెట్‌ఫీల్డ్ ‘యే’ అని సాగదీయకుండా లైను ముగించలేడని ఇంకొకటి. వీటన్నిటికంటే పాతది, ఇప్పటికీ పాతబడనిది జేసన్ న్యూస్టెడ్ జోకు: ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఆల్బమ్‌లో అతను బేస్ అద్భుతంగా వాయించాడట, కాకపోతే విన్నది అతనొక్కడేనట.

ఈ జోకుల్ని తేదీల వారీగా పేర్చుకుంటే బ్యాండ్ చరిత్ర దాదాపు మొత్తం వచ్చేస్తుంది. అభిమానులు ఊరికే నవ్వరు. ఏదో ఒక ఆల్బమ్, ఏదో ఒక గొడవ, ఏదో ఒక చావు దగ్గర మొదలుపెట్టి నవ్వుతారు. న్యూస్టెడ్ జోకు వెనకాల ఉన్నది చావు. అందుకే దాన్ని కాస్త విప్పి చూడాలనిపించింది.

మొదట్లో జోకులు అభిరుచుల మీద ఉండేవి. 1981లో లాస్ ఏంజెలెస్‌లో బ్యాండ్ పెట్టిన ఉల్రిక్ డెన్మార్క్ నుంచి వచ్చిన కుర్రాడు. తండ్రి టార్బెన్ ఉల్రిక్ టెన్నిస్ ఆటగాడు, జాజ్ మనిషి. శాక్సోఫోన్ విద్వాంసుడు డెక్స్టర్ గోర్డన్ లార్స్‌కి గాడ్‌ఫాదర్. ఇలాంటి ఇంట్లో పుట్టినవాడు డైమండ్ హెడ్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ మీద పిచ్చితో ఇంగ్లండ్ దాకా వెళ్లి వాళ్ల వెంట తిరిగాడు. టెన్నిస్ రాకెట్ వదిలేసి డ్రమ్ స్టిక్స్ పట్టుకున్నాడు, రెండూ ఒకేలా వాడతాడు అనే వెటకారానికి మూలం ఇదే.

క్లిఫ్ బర్టన్ సంగతి వేరు. అతన్ని బేస్ గిటార్ వాయించడానికి రమ్మంటే, నేను రాను, మీరే శాన్ ఫ్రాన్సిస్కో వైపు రండి అన్నాడు. బ్యాండ్ ఊరు మారింది. మిగతావాళ్లంతా కాళ్లకి అతుక్కునే జీన్స్ వేస్తుంటే ఇతను బెల్‌బాటమ్ వేసేవాడు. 1983 నాటికే అది పాత ఫ్యాషన్, నవ్వేవాళ్లు నవ్వారు. అతను మార్చుకోలేదు. వినేది బాఖ్, లినర్డ్ స్కినర్డ్, మిస్‌ఫిట్స్, ఆర్.ఈ.ఎమ్. చేతి మీద పచ్చబొట్టు మిస్‌ఫిట్స్ పుర్రె. ఆ పంక్ పాటలు బ్యాండ్‌లో మిగతావాళ్లకి ఎక్కింది ఇతని వల్లే. రెండు గిటార్లు వేర్వేరు స్వరాల్లో కలిసి నడవాలంటే ఏం చేయాలో కూడా ఇతని నుంచే నేర్చుకున్నారు. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’లోని ‘ఓరియన్’ వింటే ఆ సంగతి తెలిసిపోతుంది.

1986 సెప్టెంబర్ 27 తెల్లవారుజామున, స్వీడన్‌లో లుంగ్బీ దగ్గర, వాళ్ల టూర్ బస్సు రోడ్డు మీంచి జారి బోల్తా పడింది. బర్టన్ చనిపోయాడు. వయసు 24. పడుకునే చోటు కోసం ముందు రాత్రి పేకముక్కలు తీస్తే అతనికి ఇస్పేటు ఆసు వచ్చింది, హామెట్ పడక తను తీసుకున్నాడు. ఈ ఒక్క విషయం మీద మాత్రం జోకులు ఉండవు.

నెల తిరిగేసరికి బ్యాండ్ కొత్త బేసిస్ట్‌ని తెచ్చుకుంది. జేసన్ న్యూస్టెడ్, అరిజోనాలో ఫ్లాట్సమ్ అండ్ జెట్సమ్ అనే బ్యాండ్ కుర్రాడు. అంతకు ముందు అతను ఏంటంటే, మనలాగే, మెటాలికా అభిమాని. ఆడిషన్‌కి వచ్చేసరికి పాటలన్నీ నేర్చేసుకుని వచ్చాడు. అభిమానిగా అంతకంటే ఏం కావాలి! కానీ లోపలికి వెళ్లాక అతనికి దొరికింది వేరే.

హోటల్లో తిన్నవాళ్లంతా తిని బిల్లు అతని గది లెక్కలో రాయించడం. అతని సామాన్లు గదిలోంచి విసిరేయడం. తెలియనివాళ్లకి అతని గురించి లేనిపోనివి చెప్పడం. జపాన్‌లో వసాబి ముద్దను ఇంకేదో అని నమ్మించి తినిపించడం. 1987లో వచ్చిన కవర్ పాటల ఈపీ మీద అతని పేరు కూడా ‘న్యూకిడ్’ అనే వేశారు. ఇవన్నీ అతనూ, బ్యాండ్‌లో మిగతావాళ్లూ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పినవే. చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పారు.

ఈ వరస మనకి కొత్తదా? నేను 2006లో ఇంజనీరింగ్‌లో చేరేనాటికి గేటు దగ్గర పెద్ద బోర్డు ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది, శిక్షలు ఇవీ అని. బోర్డు దాటి హాస్టల్లోకి వెళ్తే దాని పేరు ర్యాగింగ్ కాదు, ‘ఇంట్రో’. సీనియర్ల మాట ఒకటే: సరదాకి కదరా, స్పోర్టివ్‌గా తీసుకో. ఇందులో ఉన్న కిటుకు ఏంటంటే, అవమానించినవాడి మీద కాకుండా పడినవాడి మీద బాధ్యత పెట్టడం. నువ్వు నవ్వితే అది జోకు. నవ్వకపోతే నీకు హాస్యం తెలియదు. రెండు వైపులా నువ్వే ఓడిపోతావు. న్యూస్టెడ్ దగ్గర దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. ర్యాగింగ్ చేసినవాళ్లు ముగ్గురూ అప్పుడే స్నేహితుణ్ని పోగొట్టుకున్నవాళ్లు. ఏడవడానికి టైము తీసుకోకుండా టూర్లకి వెళ్లిపోయారు. ఆ కోపం ఎవరి మీద చూపించాలి? బర్టన్ నిలబడాల్సిన చోట నిలబడ్డవాడు కళ్లెదురుగా ఉన్నాడు.

ఇప్పుడు ఆల్బమ్ దగ్గరికి వద్దాం. ‘జస్టిస్’ 1988 ఆగస్ట్‌లో వచ్చింది. మా హాస్టల్ ల్యాన్‌లో అది అందరి కంప్యూటర్లలోనూ ఉండేది. కానీ మా నాలుగొందల రూపాయల స్పీకర్లలో ఏ ఆల్బమ్‌కీ బేస్ వినపడదు కాబట్టి ఈ జోకు నాకు పూర్తిగా అర్థం కావడానికి ఉద్యోగం వచ్చి మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కునేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు మళ్లీ విన్నాను. నిజంగానే లేదు. గిటార్ కింద ఉండాల్సిన నేల లేదు. డ్రమ్ టకటకా కొడుతోంది, గిటార్లు గోడలా ఉన్నాయి, మధ్యలో ఖాళీ.

దీనికి సాంకేతికంగా కొంత కారణం ఉంది. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, మామూలు గిటార్‌ది 82 దగ్గర. హెట్‌ఫీల్డ్ గిటార్ ధ్వనిలో మధ్యస్థాయి తగ్గించి కింది భాగం బాగా పెంచాడు, అంటే బేస్ ఉండాల్సిన చోటికి గిటారే దిగింది. పైగా న్యూస్టెడ్ రిఫ్‌ని గిటార్‌తో పాటు పొల్లుపోకుండా వాయించాడు. బర్టన్‌లా విడిగా ఇంకో దారిలో నడవలేదు. ఒకే మాట ఇద్దరు ఒకేసారి అంటే గట్టిగా అన్నవాడిదే వినపడుతుంది. దానికి తోడు మిక్సింగ్ జరిగేటప్పుడు హెట్‌ఫీల్డ్, ఉల్రిక్ అమెరికాలో పెద్ద స్టేడియం టూర్ మధ్యలో ఉన్నారు. చెవులు అలిసిపోయి ఉన్నాయని వాళ్లే తర్వాత ఒప్పుకున్నారు.

కానీ ఇదే మొత్తం కారణం అనుకోవడం కష్టం. మిక్సింగ్ చేసిన ఇద్దరిలో ఒకరైన స్టీవ్ థాంప్సన్ చెప్పేది ఏంటంటే, బేస్‌ని వినపడీ వినపడనంత తగ్గించమని ఉల్రిక్ అడిగాడు, తగ్గించాక ఇంకో ఐదారు డెసిబెల్స్ తగ్గించమన్నాడు. ఆరు డెసిబెల్స్ అంటే ఉన్నదాంట్లో సగం. వినపడీ వినపడనిదాంట్లో సగం! రికార్డింగ్ కూడా అలాగే జరిగింది. బ్యాండ్‌లో మిగతావాళ్లెవరూ పక్కన లేకుండా, ఒక అసిస్టెంట్ ఇంజనీర్‌తో కూర్చుని న్యూస్టెడ్ తన భాగం వాయించేసి వెళ్లాడు.

నాకు అన్నిటికంటే గుచ్చుకునేది ఆ ఆల్బమ్ పాటల పట్టిక. మొదటి పాట ‘బ్లాకెన్డ్’ రాసినవాళ్లలో న్యూస్టెడ్ పేరుంది. ఎనిమిదో పాట ‘టు లివ్ ఈజ్ టు డై’ రచనలో బర్టన్ పేరుంది. అతను వదిలి వెళ్లిన ముక్కలతో కట్టిన తొమ్మిది నిమిషాల పైచిలుకు నివాళి అది. అంటే ఆల్బమ్‌లో చనిపోయిన బేసిస్ట్ ఉన్నాడు, బతికున్న బేసిస్ట్ లేడు. ఇంతకంటే స్పష్టంగా ఒక దుఃఖం తన పని తాను చేసుకుపోవడం రికార్డుల్లో అరుదుగా కనిపిస్తుంది.

తర్వాతి జోకులు వేగంగా చెప్పేసుకోవచ్చు. 1989లో గ్రామీలో హార్డ్ రాక్, మెటల్ కలిపి మొదటిసారి బహుమతి పెట్టారు. మెటాలికాకే అని అందరూ అనుకుంటే జెత్రో టల్‌కి ఇచ్చారు, అంటే ఫ్లూట్ వాయించే బ్యాండ్‌కి. మూడేళ్ల తర్వాత బ్లాక్ ఆల్బమ్‌కి గ్రామీ తీసుకుంటూ ఉల్రిక్, ఈ ఏడాది ఆల్బమ్ వేయనందుకు జెత్రో టల్‌కి థాంక్స్ చెప్పాడు. బ్యాండ్ వేసిన మంచి జోకు అదే. 1996లో ‘లోడ్’ వచ్చింది. పొట్టి జుట్టు, కళ్లకి కాటుక, హెట్‌ఫీల్డ్ నోట కంట్రీ పాట. వెంట్రుకలతో పాటు మెటల్ కూడా క్షవరం చేయించుకున్నారన్నారు అభిమానులు. 2000లో నాప్‌స్టర్ మీద కేసు వేసి ఉల్రిక్ 3,35,435 మంది వాడుకర్ల పేర్ల జాబితా పట్టుకెళ్లి ఇచ్చాడు. క్యాసెట్లు చేతులు మారుతూ పైకొచ్చిన బ్యాండ్ ఇలా చేస్తే జోకులు ఊరుకుంటాయా? 2003లో ‘సెయింట్ యాంగర్’ స్నేర్ డ్రమ్ చప్పుడుకి చెత్త డబ్బా దగ్గర్నుంచి వంటింటి గిన్నెల దాకా పోలికలు వచ్చాయి.

ఈ అభిరుచి జోకులన్నిటికీ అడుగున ఒక మాట ఉంటుంది: క్లిఫ్ బతికుంటే ఇలా జరిగేది కాదు. చిత్రం ఏంటంటే, బెల్‌బాటమ్ వేసుకుని, బాఖ్ విని, కంట్రీ వాసన ఉన్న సదరన్ రాక్ విని, ఆర్.ఈ.ఎమ్. విన్నవాడు ఆ క్లిఫ్. అభిమానులు స్వచ్ఛతకి కాపలాగా నిలబెట్టుకున్న మనిషి, ఆ గుంపులో అందరికంటే తక్కువ స్వచ్ఛమైనవాడు. బతికుంటే ‘లోడ్’ని అసహ్యించుకునేవాడో, దానికంటే విచిత్రమైనది చేయించేవాడో ఎవరు చెప్పగలరు? చనిపోయినవాళ్లతో ఇదే సౌకర్యం, వాళ్ల అభిరుచి మనకి నచ్చినట్టు రాసుకోవచ్చు. న్యూస్టెడ్ పోటీ పడాల్సి వచ్చింది నిజం బర్టన్‌తో కాదు, ఇలా రాసుకున్న బర్టన్‌తో.

పద్నాలుగేళ్లు ఉన్నాడు. ఎకోబ్రెయిన్ అని పక్కన ఇంకో బ్యాండ్‌తో ఆల్బమ్ వేస్తానంటే హెట్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు. 2001 జనవరిలో వెళ్లిపోయాడు. ఆ తర్వాత మిగిలిన ముగ్గురూ నెలకి 40,000 డాలర్లిచ్చి ఒక థెరపీ నిపుణుణ్ని పెట్టుకుని మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. 2004 డాక్యుమెంటరీ ‘సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్’లో అదంతా ఉంది. కొత్త బేసిస్ట్ రాబర్ట్ ట్రుహీయో రాగానే చేతికి మిలియన్ డాలర్ల అడ్వాన్సు ఇస్తామనే సీను కూడా అందులోనే ఉంది. ఒకడికి వసాబి, ఇంకొకడికి మిలియన్. ఆ సీను దగ్గర థియేటర్లో ఎవరైనా నవ్వి ఉంటే న్యూస్టెడ్‌ని తలుచుకునే నవ్వి ఉంటారు.

అభిమానుల జోకుకీ బ్యాండ్ జోకుకీ తేడా ఇక్కడే కనబడుతుంది. బ్యాండ్ జోకు అతన్ని చెరిపేయడానికి పుట్టింది. అభిమానుల జోకు కూడా మొదట్లో అంతే, దెబ్బ తిన్నవాడి మీదే ఇంకో దెబ్బ. కానీ దాన్ని చెప్పిచెప్పి వాళ్లు ఒక ఫిర్యాదుగా మార్చేశారు. బేస్ ఎక్కడ అని ముప్పై ఏళ్లకు పైగా అడుగుతూనే ఉన్నారు. 2009లో ‘గిటార్ హీరో: మెటాలికా’ అనే వీడియో గేమ్ వచ్చింది. గేమ్ ఆడాలంటే ఒక్కో వాయిద్యం విడి ట్రాక్‌గా ఉండాలి కదా. కొందరు ఆ ఫైళ్లు విప్పి ‘జస్టిస్’ పాటల బేస్ ట్రాక్‌ని బయటికి లాగారు, వాల్యూమ్ పెంచి మళ్లీ కలిపారు. ఆల్బమ్ పేరుని కూడా మార్చి ‘అండ్ జస్టిస్ ఫర్ జేసన్’ అని పెట్టుకున్నారు. ప్రోగ్రాములు రాసి బతికేవాడిగా నాకిది మహా ఇష్టమైన సంగతి. కంపెనీ సరిచేయని బగ్‌ని వాడేవాళ్లే ప్యాచ్ రాసుకున్నారు.

ఆ ట్రాక్ వింటే తెలుస్తుంది, అతను బాగా వాయించాడని. గట్టిగా, శుభ్రంగా, ఎక్కడా తడబడకుండా, పక్కన ఎవరూ లేకపోయినా. 2018లో బ్యాండ్ అదే ఆల్బమ్‌ని రీమాస్టర్ చేసి పెద్ద పెట్టెలో మళ్లీ అమ్మింది. బేస్ మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంది. 1988లో అదెలా ఉందో అలాగే ఉంచాలన్నది వాళ్ల వాదన. చరిత్రని దిద్దకూడదంటే ఒప్పుకుంటాను. ఆ వినపడకపోవడం కూడా చరిత్రే. కాబట్టే జోకు కూడా ఉండాలి. ఆ ఆల్బమ్‌లో నాలుగో మనిషి ఒకడున్నాడని కొత్తగా వినేవాడికి మొదట చెప్పేది ఆ జోకే.