అడంగల్‌లో లేని పేరు



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాజుల గురించో కోటల గురించో రాసేటంత చదువు నాకు లేదన్నాను. "మీకు తెలిసినదే రాయండి" అన్నారు. నాకు తెలిసినవి రెవెన్యూ లెక్కలు. 1973లో గుమాస్తాగా చేరి, 2008లో పదవీ విరమణ చేసేదాకా వాటి మధ్యనే బతికాను. మన సీమ మెట్టభూముల్లో సౌర విద్యుత్ పార్కులు వచ్చినప్పుడు రైతులు ఎందుకు అడ్డు నిలిచారో, దానికి ఈ లెక్కలతో ఉన్న సంబంధమేమిటో నాలుగు మాటలు మనవి చేస్తాను.

కేంద్ర ప్రభుత్వం 2010లో జాతీయ సౌర మిషన్‌ను ప్రారంభించింది. 2014 డిసెంబరులో సోలార్ పార్కుల పథకం వచ్చింది. ఒక మెగావాటుకు దాదాపు 5 ఎకరాల నేల కావాలి. అంత నేల ఒక్కచోట, తక్కువ ధరకు, ఎండ బాగా కాసేచోట దొరకాలి. వానలు తక్కువైన అనంతపురం జిల్లా మీద అందరి చూపూ పడింది. అప్పటి అనంతపురం జిల్లాలోని నంబులపూలకుంట (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా), అప్పటి కడప జిల్లాలోని గాలివీడు ప్రాంతంలో 1,500 మెగావాట్ల పార్కును తలపెట్టారు. అందులో ఎన్.టి.పి.సి. వారి మొదటి 250 మెగావాట్లు 2016లో పూర్తయ్యాయి. అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు ఆ వెనువెంటనే వచ్చింది.

కుంటలో రైతులు అభ్యంతరం చెప్పింది కరెంటుకు కాదు. తాము సాగు చేస్తున్న నేలను రికార్డులో ప్రభుత్వ భూమి అనడానికి. కాగితం లేని సాగుదారుకు పరిహారం లేదనడానికి. ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీవారికి దత్తం చేశాడు. 1807 దాకా కలెక్టరుగా ఉన్న మన్రో దొర పొలం పొలాన్నీ కొలిపించి శిస్తు కట్టించాడు. రైతు పేరున శిస్తుకెక్కినది పట్టా అయింది. ఎక్కనిది బంజరుగా సర్కారుకు మిగిలింది. ఆ బంజరులోనే గొర్రెలు మేశాయి, వంట చెరుకు దొరికింది, భూమి లేనివాడు రాళ్లు ఏరి ఎకరం రెండెకరాలు సాగులోకి తెచ్చుకున్నాడు. అదే శివాయిజమా సాగు. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద అతనికి బి-మెమో ఇచ్చి జరిమానా వసూలు చేసేవాళ్లం. అతడు మాత్రం ఆ రసీదును పట్టాకు బయానా అనుకొని పెట్టెలో దాచుకునేవాడు.

స్వాతంత్ర్యం వచ్చాక పేదలకు డి.కె.టి. పట్టాలు ఇచ్చారు. అవి అన్యాక్రాంతం కాకుండా 1977లో 9వ నంబరు చట్టం వచ్చింది. ప్రజావసరానికి అసైన్డు భూమిని తిరిగి తీసుకుంటే మార్కెట్ విలువకు సమానమైన ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని 1993లో 1307వ నంబరు జీవో వచ్చింది. పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. ఇవన్నీ డి.కె.టి. కాగితం చేతిలో ఉన్నవాడి సంగతి. శివాయిజమా వాడికి ఇందులో ఏదీ అందలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఊరి పేరు, కచేరీ పేరు అనవసరం. 1979లో జమాబందీ రోజుల్లో గొంగడి కప్పుకున్న ఒక పెద్దాయన బి-మెమో రసీదులు గుడ్డలో మూటగట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "సామీ, మా నాయన కాలం నుంచీ దున్నుకుంటాండాము. ఆ కాగితమేదో మా పేరున రాపియ్యండి" అన్నాడు. అర్జీ తీసుకున్నాను. స్థల తనిఖీ రిపోర్టు రావాలి. రాలేదు. నేను ఒక్క జ్ఞాపిక పంపితే వచ్చేదేమో. పని ఒత్తిడిలో "వచ్చే ఫసలీలో చూడవచ్చు" అని కట్టలో పెట్టాను. తర్వాత నాకు బదిలీ అయింది. 1984లో కరణాలు పోయారు, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ కట్ట ఏ బీరువాకు చేరిందో ఎవరికీ పట్టలేదు.

పదవీ విరమణ చేసిన చాలా ఏళ్లకు ఆ పక్క ఊరికి పెళ్లికి వెళ్లాను. దారిలో ఒక టెంటు కింద పదిహేను ఇరవై మంది కూర్చుని ఉన్నారు. సౌర కేంద్రానికి తమ భూములు పోతున్నాయని దీక్ష. మాటల్లో తెలిసింది, వారిలో ఒక కుర్రవాడు ఆ పెద్దాయన మనవడని. "మూడు తరాల సేద్యం సార్. అడంగల్‌లో మా పేరే లేదంటాండారు" అన్నాడు. ఆ అర్జీ తీసుకున్నది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. పెళ్లిభోజనం సహించలేదు.

మన సరిహద్దున, కర్ణాటకలోని పావగడలో దారి వేరు. తెలుగు బాగా వినిపించే తాలూకా అది. అక్కడ అయిదు గ్రామాల్లో 13,000 ఎకరాలను కొనకుండా, ఎకరాకు ఏటా 21,000 రూపాయల గుత్తకు తీసుకున్నారు. రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు. భూమి యాజమాన్యం రైతుదే. 2018లో ప్రారంభమైన ఆ పార్కు 2,050 మెగావాట్లకు పెరిగింది. ఈ పద్ధతి మేలైనదే. కానీ గుత్త పట్టాదారుకే వస్తుంది. ఆ పొలంలో కూలికి పోయినవారికీ, ఆ బీళ్లలో గొర్రెలు మేపుకున్నవారికీ రాదు. అక్కడా కాగితం లేనివాడు బయటే నిలబడ్డాడు.

ఇంకొక సంగతి. పర్యావరణ అనుమతులకు సంబంధించిన 2006 నాటి ప్రకటన కిందికి సౌర ఫలకాల కేంద్రాలు రావు. పొగ లేదు గనుక ఆ మినహాయింపు. దానివల్ల ఆ ప్రకటన కింద జరగవలసిన ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు. ఊరివారు తమ మాట చెప్పుకునే ఆ ఒక్క వేదికా లేకపోతే టెంటు వేసుకోక ఏం చేస్తారు?

సౌర విద్యుత్తు వద్దని నేననను. మా మనవడు మేడమీద పలకలు పెట్టించాడు, కరెంటు బిల్లు తగ్గింది, సంతోషమే. అయితే కాగితం విలువ మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేదాకా ట్రెజరీ లెక్కలో మనం బతికి లేనట్టే గదా! ఆ రైతుకు తరతరాలుగా అదే స్థితి.

మనలో రెవెన్యూ, సర్వే శాఖల్లో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. మీ ఊరిలో ఇలాంటి పార్కు వస్తున్నదని వింటే, సర్వే రాళ్లు పాతకముందే వెళ్లి అడంగల్ నకళ్లు తీయించండి. పాత రసీదులు వెదికించండి. అర్జీ రాసిపెట్టి, దాని వెంట తిరగండి. నేను 1979లో పంపని జ్ఞాపికను ఇప్పుడు మీకందరికీ పంపుతున్నాననుకోండి.