భ్రమరి: చుట్ల లెక్క కాదు, నిలకడ

తిరగడాన్ని శాస్త్రంగా రాసిపెట్టినవాళ్లలో కృష్ణా డెల్టావాడు ఒకడున్నాడు. దివిసీమ ఏలిన అయ్య వంశంలో పుట్టి, కాకతి గణపతిదేవుని గజసైన్యానికి అధిపతి అయిన జాయప సేనాని 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఆ సంస్కృత గ్రంథంలో మొదటి నాలుగూ మార్గానికి, తక్కినవి దేశికి ఇచ్చి, అయిదో అధ్యాయంలో స్థానకాలు, ఉత్ప్లుతి కరణాల పక్కనే భ్రమరులకు, అంటే తిరుగుళ్లకు, చోటు కల్పించాడు. కూచిపూడివారు పాఠంగా చదివే నందికేశ్వరుని అభినయదర్పణంలో భ్రమరులు ఏడు: ఉత్ప్లుత, చక్ర, గరుడ, ఏకపాద, కుంచిత, ఆకాశ, అంగ. వీటిని దేన్నిబట్టి విడదీశారో గమనించండి. ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క మీద ఈ విభజన నిలబడలేదు. మోకాలు వంచి తిరిగితే కుంచితం, ఒంటికాలి మీద తిరిగితే ఏకపాదం, ఒక కాలు అడ్డంగా చాచి, మోకాలు నేలకానించి, చేతులు రెక్కల్లా విప్పి తిరిగితే గరుడం. లక్షణమంతా దేహం తీరులోనే ఉంది. తిరుగుడులోని కళ వేగంలోనో సంఖ్యలోనో కాక, తిరుగుతున్నా చెదరని ఆకృతిలో ఉందని నేననడానికి మూలం ఇదే.

మంచు మీద స్కేటింగ్ స్పిన్లు కూడా ఇలాగే పుట్టాయి. మన భ్రమరులతో వాటికి చుట్టరికం లేదు. అయినా రెండూ ఒకే దారి పట్టాయి కాబట్టే ఆ సాక్ష్యానికి బలం. 1860ల్లో అమెరికా నుంచి యూరప్ వెళ్లి స్కేటింగుకు బాలే సొగసు అద్దిన జాక్సన్ హేన్స్ సిట్ స్పిన్‌కు ఆద్యుడు. అది మన కుంచితానికి దగ్గర. ఒక కాలు వెనక్కి చాచి నేలకు సమాంతరంగా ఉంచే క్యామెల్, నడుము వెనక్కి వాల్చే లేబ్యాక్ 1930ల్లో బ్రిటన్ స్కేటర్ సిసీలియా కాలెజ్‌తో ముడిపడినవి. 2010 గ్వాంగ్‌జౌ ఏషియాడ్‌లో రెండు కాంస్యాలు తెచ్చిన హైదరాబాదీ అనూప్ కుమార్ యామ ఆడే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లోనూ, చక్రాల మీద, ఇవే భంగిమలు. మంచు మీద దారి మళ్లింది 2004లో. సాల్ట్ లేక్ ఒలింపిక్స్ తీర్పుల గొడవ తర్వాత వచ్చిన కొత్త మార్కుల విధానంలో స్పిన్ లెవెల్ పెరగాలంటే కష్టమైన భంగిమలోకి మారడం, బ్లేడు అంచు మార్చడం, కాలిని వెనకనుంచి తల మీదికి లాగి బీల్‌మన్ భంగిమ పట్టడం వంటివి కావాలి. ఒక్క లేబ్యాక్‌నే సంగీతంతో పాటు నిండుగా నిలిపినవారికి పై లెవెల్ అందడం కష్టం.

కొలత లేకపోతే పక్షపాతం తిరిగి రాదా అని అడిగేవాళ్లున్నారు. ఆ భయం న్యాయమైనదే. కానీ నాణ్యతకు కొలత ఆ విధానంలోనే ఉంది: స్పిన్ ఒకే చోట నిలిచిందా, భంగిమ స్పష్టంగా ఉందా అని చూసి జడ్జీలు మైనస్ అయిదు నుంచి ప్లస్ అయిదు దాకా గ్రేడు వేస్తారు. చిక్కల్లా ఆ గ్రేడు విలువ దగ్గర ఉంది. 2018-19 సీజన్ నుంచి ఒక్కో గ్రేడుకు దక్కేది, లెవెల్‌ను బట్టి స్పిన్‌కు వచ్చే మూల విలువలో పది శాతమే. మూల విలువ తక్కువైన సాదా స్పిన్‌ను ఎంత నిర్దోషంగా చేసినా దక్కేది స్వల్పం. సంప్రదాయ స్పిన్ల మూల విలువ పెంచితే కొలతా మిగులుతుంది, కళా మిగులుతుంది. నేల మీది నాట్యానికీ మంచుకీ పోలికేమిటన్నది మరో అభ్యంతరం. మంచు మీద రాపిడి తక్కువ. చేతులు దగ్గరికి లాక్కుంటే వేగం పెరుగుతుంది. స్విట్జర్లాండ్ స్కేటర్ లూసిండా రూ 2003లో ఒంటికాలి మీద ఆగకుండా 115 చుట్లు తిరిగింది. వట్టి పాదం మీద నేల ఆ వేగాన్ని త్వరగానే మింగేస్తుంది. అందుకే కూచిపూడిలో భ్రమరి పరీక్షంతా మొదలుపెట్టడంలో, ఆగడంలో ఉంది. ఈ తేడా నా వాదనను బలపరుస్తోంది: చుట్లు తేలిగ్గా దొరికేచోట చుట్ల సంఖ్య ఘనత కాలేదు. సాదా స్పిన్ సులువన్న మాటా నిలవదు. భంగిమ మారుతుంటే తడబాటు దాగుతుంది, ఒకే భంగిమలో దాగే చోటుండదు.

విజయవాడ తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో ఈసారి కూచిపూడి చూసేటప్పుడు చుట్లు లెక్కపెట్టకండి. తిరుగుడు ఆగినచోట అరమండి చెదరలేదని, పాదం తాళంలో సమం మీదే పడిందని చూసుకుని, అప్పుడు చప్పట్లు కొట్టండి.