మంజీర సీమలో పరిశ్రమల మూలధన చరిత్ర

ఒక సీమ చరిత్రను రాజుల పేళ్లతోను, యుద్ధముల తేదీలతోను వ్రాయుట పరిపాటి. కాని సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో గడచిన నూరేండ్లలో వచ్చిన మార్పును గ్రహింపవలెనన్న మఱి రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఇచట కర్మాగారములు నెలకొల్పుటకు ధన మెవరిచ్చిరి? దేనిని నమ్మి యిచ్చిరి? తరతరమునకు ఈ ప్రశ్నలకు సమాధానము మారుచు వచ్చినది.

నిజాము పాలనలో ఈ సీమకు సేద్యమే జీవనాధారము. రైతునకు అప్పు కావలసినచో షావుకారే దిక్కు. షావుకారు పొలమును, పంటను, నగను చూచి అప్పిచ్చువాడేగాని, ఇంకను పుట్టని పరిశ్రమను చూచి యిచ్చువాడు కాడు. ఈ కొఱతను తీర్చుటకే హైదరాబాదు ప్రభుత్వము 1929లో ఇండస్ట్రియల్ ట్రస్టు ఫండును స్థాపించినది. ఈ నిధి పెద్ద కర్మాగారములలో వాటాలు కొని, వాని నష్టభయములో తానును పాలు పంచుకొనెను. బోధనులోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ, సిర్పూరు కాగితపు మిల్లు దాని యాసరాతో వెలసినవే. ఆ ధనము చెఱకున్న చోటికి, వెదురున్న చోటికి పోయినది.  ఈ సీమకు పరిశ్రమలు మఱియొక మార్గమున రావలసియుండెను.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లోనే రాష్ట్ర ఆర్థిక సంస్థ ఏర్పడినది. 1960లో పారిశ్రామికాభివృద్ధి సంస్థయు, 1973లో పరిశ్రమలకు భూమి, రోడ్లు సమకూర్చు సంస్థయు వచ్చినవి. మొదటిది ఋణమిచ్చును, రెండవది వాటా కొనును, మూడవది స్థలమిచ్చును. ఈ మూడింటి అండతోనే పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామికవాడలు పెరిగినవి. అయినను ఋణమునకు పూచీ పాతదే: భూమి, భవనము, యంత్రము తనఖా పెట్టవలెను. షావుకారు స్థానమున కార్పొరేషను వచ్చినది. తాకట్టు మాత్రము పోలేదు.

ఇంతలో లెక్కలకెక్కని వేఱొక మూలధనము ఈ సీమలో పోగుపడినది. అది విద్య, పనితనము. రామచంద్రాపురమున కేంద్ర ప్రభుత్వము చెకోస్లొవేకియా సహకారముతో నెలకొల్పిన బి.హెచ్.ఇ.ఎల్. విద్యుద్యంత్ర కర్మాగారము, బాలానగరమున సోవియట్ సహాయముతో వెలసిన ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారము వేలమందికి బడులైనవి. ఒకచోట లోహమును మలచుట, రెండవచోట రసాయనమును వండుట నేర్చినవారు తరువాత తమ కాళ్లపై నిలువజూచిరి. 1970 నాటి పేటెంట్ల చట్టము 1972లో అమలునకు వచ్చి, మందుపై గాక దానిని తయారుచేయు విధానముపైననే హక్కు నిచ్చినది. విధానము తెలిసినవానికి అదియే పెట్టుబడి అయినది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము డాక్టర్ కల్లం అంజిరెడ్డిగారు. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి, యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ కంపెనీలను నడపిన పిదప వారు 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్‌ను స్థాపించిరి. బొల్లారములో మందుల ముడిపదార్థములు తయారుచేసిన ఆ సంస్థ 1986లో ప్రజలకు వాటాలమ్మి, 2001లో న్యూయార్కు స్టాకు ఎక్స్చేంజి వఱకు వెళ్లినది. ఖజానా నిధితో మొదలైన కథ ఇట్లు వాటాదారుల సొమ్ము వఱకు వచ్చినది.

అయితే ఏ కంపెనీ జమాఖర్చులలోను కానరాని పద్దు ఒకటి కలదు. కర్మాగారముల మురుగు నక్కవాగులో కలిసి, చెఱువులను, బావులను చెఱచినది. 1990లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వ్యాజ్యమున పంట నష్టపోయిన రైతులకు పరిహారము చెల్లింపవలెనని ఆజ్ఞలైనవి. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉన్నదని ప్రకటించిరి. 2025 జూన్ 30న పాశమైలారములోని ఒక కర్మాగారమున సంభవించిన ప్రేలుడులో నలుబదిమందికి పైగా మృతిచెందిరి. బ్యాంకు ఋణమిచ్చినది, వాటాదారు సొమ్మిచ్చినాడు; పల్లె నీటినిచ్చినది, కూలివాడు ప్రాణమొడ్డినాడు. మొదటి యిద్దఱికి పత్రములున్నవి. తక్కిన యిద్దఱికి లేవు.

ఇపుడు నాలుగవ ఘట్టము నడచుచున్నది. తనఖా అడుగక, ఆలోచనను నమ్మి వాటా తీసికొని, సంస్థ మునిగినచో తానును మునుగు ధనమును వెంచర్ క్యాపిటల్ అందురు. దీనికి కేంద్ర ప్రభుత్వము 1988లో నియమములు చేసినది. కందిలో ఐ.ఐ.టి. హైదరాబాదు తన యావరణలోనే అంకుర సంస్థలకు చోటిచ్చినది. 2015లో హైదరాబాదున టీ-హబ్ వెలసినది. 2016లో కేంద్రము స్టార్టప్ ఇండియా పేర పది వేల కోట్ల రూపాయల నిధి సంకల్పించి, దానిని సిడ్బికి అప్పగించినది. 2017లో సుల్తానుపురమున సుమారు 250 ఎకరములలో వైద్య పరికరముల పార్కునకు పునాది పడినది.

ఈ కొత్త ధనము చంచలమైనది. 2021లో దేశమంతట ఉప్పెనవలె వచ్చి, తరువాతి రెండేండ్లలో బాగుగ తగ్గినది. అదియు త్వరగా పెరుగు సాఫ్టువేరు సంస్థలను ఎక్కువగా వలచును. లేతు మిషను పెట్టుకొని విడిభాగములు చేయువానికి నేటికిని బ్యాంకు ఋణమే గతి. అట్టివారికై కేంద్రమును సిడ్బియు కలిసి 2000లో ఏర్పఱచిన ఋణహామీ నిధి తాకట్టు లేని అప్పునకు దారి తీసినది. పేరు అంతగా వినబడకున్నను, చిన్న పరిశ్రమకు దానివలన కలుగు మేలు తక్కువది కాదు.

షావుకారు నగను నమ్మెను, కార్పొరేషను భూమిని నమ్మెను, నేటి పెట్టుబడిదారు తెలివిని నమ్ముచున్నాడు. ఇది నిస్సందేహముగ పురోగతియే. కాని నీటిని, మనిషి ప్రాణమును లెక్కలో చేర్చిననాడే ఆ పురోగతి సంపూర్ణమగును. ఆ లెక్క చూచుటకు గ్రామస్థులకు సాధనములు కావలెను. కంపెనీల వార్షిక నివేదికలు, న్యాయస్థానముల తీర్పులు, నీటి పరీక్షల ఫలితములు తెలుగున సమకూర్చి పదిమందికి అందుబాటులో నుంచుట గ్రంథాలయమునకు తగిన పని. ఇరువదియైదేండ్లు పుస్తకముల నందించిన సంస్థ రాబోవు ఇరువదియైదేండ్లకు పెట్టుకొనదగిన ఆశయములలో ఇదియు నొకటి.