ఎం.జి.బి. కాయకల్పము

నేఁడు నేను ముచ్చటింపఁ బూనినది ఆంగ్లదేశమున, ఆక్స్‌ఫర్డు చేరువనున్న అబింగ్డన్ పట్టణమునఁ బుట్టిన ఎం.జి.బి. యను క్రీడాశకటము కథ. 1962లో నిర్మాణ మారంభమై 1980లో అచటి కర్మాగారము మూఁతపడులోపల 5 లక్షలకుఁ బైఁగా బండ్లు వెలువడినవి.

దీనికి ముందు వచ్చిన ఎం.జి.ఏ. బండికి అడుగున వేఱుగా నినుపచట్ర ముండెడిది. దీనికదిలేదు, రేకుతోఁ గూర్చిన దేహమే చట్రము. తలుపుల క్రింద నిరుప్రక్కల సాగు బోలుదూలములే దాని బలము. శీతకాలమున ఆ దేశపు బాటలపై మంచు కరఁగుటకై యుప్పు చల్లుదురు. ఆ యుప్పునీరు దూలములలోఁ జొచ్చి లోలోపలఁ ద్రుప్పు పట్టించును. పైరంగు మాత్రము నవనవలాడుచుండును. కావునఁ గొనువాఁడు రంగుఁ జూచి మురియరాదు. జాకీతో నెత్తినపుడు తలుపు మూయరాకున్నచో దూలములు చెడినవని యెఱుఁగునది. అమ్మువాఁ డీ పరీక్షకు అంతగా సంతసింపఁడు లెండు.

ఇట్లు బండ్లు పాతయినుము పాలగుచుండఁగా, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థవారు తొలినాఁటి అచ్చులను వెదకి తెచ్చి, 1988లో సరిక్రొత్త దేహముల నొత్తింపసాగిరి. పాత యింజనును, చక్రములను అందమర్చుకొనవచ్చును. అయినచో నది పాతబండియేనా? 'ఆ దేవదత్తుఁడే యితఁడు' అను ప్రత్యభిజ్ఞను మన తార్కికు లెంతయో చర్చించిరి గాని, వారి దేవదత్తుఁడు దేహమంతయు మార్చుకొని వచ్చినవాఁడు కాఁడు. ఆ యచ్చులలోనే పుట్టినది గనుక అన్యము కాదనియే నా మతము.

చిత్రమేమనఁగా, మరమ్మతుకై పుట్టిన యీ దేహమునే యాధారముగాఁ గొని రోవర్ సంస్థవారు 1992లో ఎం.జి. ఆర్.వి.8 అను క్రొత్తబండిని విడుదల చేసిరి.