పనిలో ప్రాణం పోతే యజమాని బాధ్యత ఎంత? రాజీ కాగితం మీద సంతకానికి ముందు తెలుసుకోవాల్సినవి

నడికుడి, దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపు బట్టీలు, సున్నపురాయి క్వారీలు, క్రషర్లు, సిమెంట్ ఫ్యాక్టరీల మీద ఆధారపడి బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. వీటితో పాటు లారీ షెడ్లు, వెల్డింగ్ షాపులు, బేకరీలు నడిపే చిన్న యజమానులూ ఉన్నారు. ఇలాంటి చోట్ల ప్రమాదం జరిగి మనిషి పోతే విషయం చాలాసార్లు పెద్దమనుషుల దగ్గరికే వెళ్తుంది. ఎంతో కొంత మాట్లాడి, స్టాంపు కాగితం మీద సంతకం చేయించి, దఫన్ ఖర్చులు ఇచ్చి ముగిస్తారు. చట్టం దృష్టిలో అక్కడితో విషయం ముగియదు. ఇది బాధిత కుటుంబానికీ, యజమానికీ ఇద్దరికీ తెలియాలి.

చట్టంలో ఏం మారింది?

కేంద్రం 29 కార్మిక చట్టాలను కలిపి నాలుగు కోడ్‌లు చేసింది. వేతనాల కోడ్ 2019లో, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత కోడ్‌లు 2020లో వచ్చాయి. ఇవి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పని ప్రమాదాల నష్టపరిహారానికి అంతకుముందు 1923 నాటి చట్టం ఉండేది. ఇప్పుడు ఆ విషయాలు సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చాయి. కొత్త రూల్స్ వచ్చేదాకా, కోడ్‌కు విరుద్ధం కాని పాత రూల్సే నడుస్తాయి.

ఎంతమంది పనిచేస్తే ఏ బాధ్యత?

ఒక్కరే పనిచేసినా: కనీస వేతనం, టైముకు జీతం, పని ప్రమాదానికి నష్టపరిహారం ఇవ్వాలి. నెల జీతమైతే తర్వాతి నెల 7వ తేదీలోపు చెల్లించాలి. పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. కూలి ఆలస్యం చేయొద్దన్న ఇస్లాం బోధ మనకు తెలిసిందే. ఇప్పుడు చట్టం దానికి గడువు కూడా పెట్టింది.

10 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే: వృత్తి భద్రత కోడ్ వర్తిస్తుంది. ప్రతి వర్కర్‌కూ నియామక పత్రం ఇవ్వాలి. ప్రభుత్వం నిర్ణయించిన వయసు వాళ్లకు ఏటా ఉచితంగా వైద్య పరీక్షలు చేయించాలి. మాస్కులు, కళ్లద్దాలు, బూట్ల లాంటి భద్రతా సామగ్రికి వర్కర్ జీతంలోంచి పైసా కోయకూడదు. ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ కూడా 10 మంది దగ్గరే మొదలవుతాయి.

20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే: పీఎఫ్, బోనస్ వస్తాయి. కరెంటుతో నడిచే యూనిట్‌ను ఫ్యాక్టరీగా లెక్కించడానికి ఇంతకుముందు 10 మంది చాలు. ఇప్పుడు 20 మంది ఉండాలి. కరెంటు లేని చోట ఈ సంఖ్య 20 నుంచి 40కి పెరిగింది. అంటే చాలా చిన్న బట్టీలు ఫ్యాక్టరీ అనే లెక్కలోంచి బయటికి వస్తాయి. అంతమాత్రాన నష్టపరిహారం బాధ్యత పోదు.

పరిహారం ఎలా లెక్కిస్తారు?

ఈఎస్‌ఐలో ఉన్న వర్కర్ పనిలో చనిపోతే అతని కుటుంబానికి ఈఎస్‌ఐ కార్పొరేషన్ నెలనెలా పింఛన్ ఇస్తుంది. ఈఎస్‌ఐ లేకపోతే భారం మొత్తం యజమానిదే. మరణానికి లెక్క ఇది: నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి చట్టం ఇచ్చిన అంకెతో గుణించాలి. ఈ లెక్కకు తీసుకునే జీతానికి కేంద్రం 2020 జనవరిలో 15,000 రూపాయల పరిమితి పెట్టింది. చనిపోయిన వ్యక్తి వయసు 30 అయితే గుణించే అంకె 207.98. అంటే 7,500ను 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు. పెద్దమనుషుల దగ్గర రెండు మూడు లక్షలకు ఒప్పుకునే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

"తాగి ఉన్నాడు", "మాస్క్ పెట్టుకోలేదు", "చెప్పినా వినలేదు" అనే సాకులు చిన్న గాయాల కేసుల్లో పనిచేయొచ్చు. మరణం, పూర్తి శాశ్వత వైకల్యం కేసుల్లో ఇవి పనికిరావు. కొత్త కోడ్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఇంటి నుంచి పనికి వెళ్తూ, పని నుంచి ఇంటికి వస్తూ జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, పని ప్రమాదంగానే చూస్తారు.

రాజీ కాగితం చెల్లుతుందా?

హక్కు వదులుకుంటున్నామని రాయించుకున్న ఒప్పందం చెల్లదు. మరణం కేసులో యజమాని పరిహారాన్ని నేరుగా కుటుంబం చేతికి ఇవ్వకూడదు. కార్మిక శాఖలో ఈ కేసులు చూసే అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. చేతికి ఇచ్చిన దాంట్లో మూడు నెలల జీతం వరకే అడ్వాన్సుగా లెక్కలోకి వస్తుంది. మిగతాది ఎంత ఇచ్చినా చట్టం దాన్ని పరిహారం అనదు. అంటే మంచి మనసుతో ఐదు లక్షలు ఇచ్చిన యజమాని కూడా మళ్లీ పూర్తి మొత్తం కట్టాల్సి రావచ్చు. చెల్లింపు ఆలస్యమైతే వడ్డీ, సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం వరకు జరిమానా కూడా పడతాయి.

మేస్త్రీ ద్వారా వచ్చిన కూలీ అయినా అంతే. కాంట్రాక్టర్ దొరకలేదని బట్టీ యజమాని తప్పించుకోలేడు. పరిహారం ముందు యజమాని కట్టి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు.

డబ్బు ఎవరికి చేరుతుంది?

చాలా ఇళ్లలో గొడవ ఇక్కడే వస్తుంది. ఈ పరిహారం చనిపోయిన వ్యక్తి వదిలి వెళ్లిన ఆస్తి కాదు. అందుకే దీన్ని మీరాస్ వాటాల ప్రకారం పంచరు. చట్టం ఆధారపడినవాళ్లుగా గుర్తించిన భార్య, మైనర్ కొడుకులు, పెళ్లికాని కూతుళ్లు, వితంతువైన తల్లి లాంటి వాళ్లకు ఎవరికెంత అన్నది అధికారే నిర్ణయిస్తారు. పిల్లల వాటాను వాళ్ల పేరు మీద బ్యాంకులో వేయించవచ్చు.

ఇద్దత్‌లో ఉన్న భార్య తొందరపడి సంతకాలు చేయాల్సిన అవసరం లేదు. దరఖాస్తుకు మరణించిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది. సాక్ష్యం చెప్పాల్సిన సందర్భం తప్ప మిగతా పనులకు వకీలు లేదా యూనియన్ ప్రతినిధి హాజరైతే చాలు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిచేస్తూ చనిపోయిన వ్యక్తి కుటుంబం, తాము ఉండే ప్రాంతంలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఏ కాగితాలు దాచుకోవాలి?

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోతే, ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. బట్టీలో ఒక్కరు చనిపోయినప్పుడు అలాంటి ప్రకటనలు రావు. అక్కడ కుటుంబానికి మిగిలేది చట్టమే. చట్టం ముందు మొదట రుజువు చేయాల్సింది అతను అక్కడ పనిచేశాడని.

నియామక పత్రం, జీతం చిట్టీ, ఫోన్‌పేలో జీతం వచ్చిన రికార్డు, హాజరు పుస్తకం ఫొటో, తోటి పనివాళ్ల పేర్లు భద్రంగా ఉంచాలి. ప్రమాదం జరిగాక ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు తప్పనిసరి. దఫన్ తొందరలో పోస్ట్‌మార్టం వద్దనుకుంటే తర్వాత కేసు బలహీనపడుతుంది.

ఫిర్యాదు ఎవరికి?

బట్టీ, క్రషర్, సిమెంట్ ఫ్యాక్టరీల్లో భద్రత లోపాలపై రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖకు, క్వారీ అయితే కేంద్రం కింద ఉండే గనుల భద్రత డైరెక్టరేట్‌కు చెప్పాలి. నడికుడి–శ్రీకాళహస్తి లైను లాంటి రైల్వే పనుల్లో కాంట్రాక్ట్ కూలీల జీతాల సమస్య కేంద్ర లేబర్ కమిషనర్ పరిధిలోకి వస్తుంది. నష్టపరిహారం కేసులు మాత్రం రాష్ట్ర కార్మిక శాఖ చూస్తుంది.

యజమాని భద్రతా బాధ్యత పట్టించుకోనందువల్ల ప్రాణం పోయిందని రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా కనీసం 5 లక్షల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. ఇది నష్టపరిహారానికి అదనం.

చిన్న యజమానికి వీటన్నిటికంటే తేలికైన దారి ముందు జాగ్రత్తే. పొడి సున్నానికి నీళ్లు తగిలితే సలసల కాగుతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు, చేతి తొడుగులు, పక్కనే కడుక్కోవడానికి ధారగా నీళ్లు ఉండాలి. అర్హత ఉన్న ప్రతి పనివాడినీ ఈఎస్‌ఐలో చేర్చాలి. దానికి జీతంలో యజమాని వాటా 3.25 శాతం, పనివాడి వాటా 0.75 శాతం. నెలకు 15,000 జీతమైతే యజమాని కట్టేది 487 రూపాయల 50 పైసలు. ఆ చందా కట్టని యజమాని మీద ఒక్క ప్రమాదంతో పదిహేను లక్షల భారం పడొచ్చు.